యాభై దాటినంక చెప్త

మా బాపమ్మ నాకు ఒక మాట బాకీ పడి పోయింది.

1987లో తాత చనిపోయాడు. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. దినాలు అయిపోయిన నాలుగో రోజు బాపమ్మ మగ్గం అమ్మేసింది. వరంగల్ కొత్తవాడలో, మా ఇంటి ముందరి గదిలో, తాత నలభై ఏళ్ళకు పైగా కూర్చొని జంపఖానాలు నేసిన గుంట మగ్గం అది. కొన్నవాళ్ళు కట్టెలు విప్పుకొని రిక్షాలో వేసుకొని పోయారు. గుంట మిగిలింది. ఆ గుంటను బాపమ్మ ఒక్కతే పూడ్చింది. వెనక దొడ్లోంచి గంపతో మన్ను తెచ్చి పోసి, నీళ్ళు చల్లి, కాళ్ళతో తొక్కి, పైన పేడతో అలికింది. బాపు సాయం పోతే వద్దన్నది. నేను గంప పట్టుకుంటే నా చేయి తోసేసింది. కంట్లో ఒక్క చుక్క నీళ్ళు లేవు.

నాకు చాలా కోపం వచ్చింది. "తాత పోయి నెల కూడా కాలే, అప్పుడే మగ్గం ఎందుకమ్మినవ్?" అని అడిగాను. ఆమె చేతుల మన్ను దులుపుకొని, నా మొఖంలోకి కాసేపు చూసి, "నీకు యాభై దాటినంక చెప్త బిడ్డా" అన్నది.

2001లో బాపమ్మ పోయింది. అప్పటికి నాకు ముప్పై ఒకటి. ఇప్పుడు యాభై అయిదు.

మొన్న మా స్కూల్లో కొత్తగా చేరిన టీచరమ్మ ఒకరు అన్నం తింటూ అడిగింది, "మేడం, ఏ వయసులో ఏం నేర్చుకున్నారు, మాకు చెప్పండి" అని. ఆ అమ్మాయికి ఇరవై ఆరు ఉంటాయేమో. ఏదో చెప్దామని నోరు తెరిచి ఆగిపోయాను. ఎందుకంటే నా విషయంలో చూసిన వయసు వేరు, అర్థమైన వయసు వేరు. తొమ్మిదేళ్ళప్పుడు చూసింది ఇరవై తొమ్మిదికి తెలిసింది. పదహారేళ్ళప్పుడు చేసింది నలభై ఒకటికి తెలిసింది. ఇంటికొచ్చినంక కూడా అదే మనసులో తిరుగుతుంటే, ఇది రాయడం మొదలుపెట్టాను.

మా కొత్తవాడ గురించి కొంచెం చెప్పాలి. అప్పట్లో ఏ ఇంటి ముందు నడిచినా మగ్గం చప్పుడు వినిపించేది. పెళ్ళి పందిట్లో, సభల్లో, పీర్ల పండుగ దగ్గర, భజనలో జనం కూర్చునే చారల జంపఖానాలు మా దగ్గర నేసినవే. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివినప్పుడు, ఆ ముక్క కత్తిరించి తాత ఫోటో వెనక పెట్టాను.

సేటు దగ్గర నుంచి నూలు వచ్చేది. తాత గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చునేవాడు. పడుగు, అంటే నిలువు పోగులు, ముందే బిగించి ఉంటుంది, నూలు చుట్టిన కండెను నాడెలో పెట్టి అటూ ఇటూ పంపుతూ పేక, అంటే అడ్డ పోగులు, నేస్తూ పోవాలి. ఆ కండెలు చుట్టడం ఇంట్లో ఆడవాళ్ళది, పిల్లలది. బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి పడేసి రాట్నం ముందు కూర్చునేదాన్ని. పోగు తెగితే నేను విసుగ్గా గుంజేదాన్ని, ఇంకో చోట చిక్కు పడేది. బాపమ్మ వచ్చి నా చేతి మీద చేయి వేసి, "గుంజకు. ఆపు. ముందుగాల రెండు కొసలు దొరకవట్టుకో, గప్పుడు ముడెయ్యి" అనేది. ఈ మాట ఆమె వెయ్యి సార్లు అని ఉంటుంది. వానాకాలంలో గుంటలోకి నీళ్ళు ఊరేవి. అప్పుడు నేత ఆగేది, మా ఇంట్లో కూరలు కూడా తగ్గేవి.

అలాంటి ఒక వానాకాలమే స్కైలాబ్ వచ్చింది. 1979 జూలై. అమెరికా వాళ్ళు ఆకాశంలో పెట్టిన డెబ్బై టన్నులకు పైగా బరువున్న ప్రయోగశాల కింద పడబోతోందని, ఎక్కడ పడుతుందో తెలియదని రేడియోలో చెప్తుంటే, మా వాడకట్టులో మాత్రం అది మన మీదనే పడుతుందని ఖాయం చేసుకున్నారు. కరీంనగర్ దిక్కున మేకలు, గొర్లు అగ్గువకు అమ్ముకుంటున్నారని, ఉన్నది తిని పోదామని కోసుకుంటున్నారని చెప్పుకునేవాళ్ళు. మా గల్లీలో కోళ్ళన్నీ వారంలో అయిపోయాయి. మా ఇంట్లో కూడా కోసిన్రు. అంత కూర ఒక్కసారి తినడం నాకు అదే మొదలు. తింటూనే ఏడ్చాను, చచ్చిపోతామని.

ఆ సాయంత్రం తాత దగ్గరికి పోయి, "తాతా, రేపు స్కైలాబ్ పడుతదట" అన్నాను. ఆయన నాడె ఆపలేదు. "పడనీ. కండెలు అయిపోయినయ్, చుట్టు పో" అన్నాడు. పోయి చుట్టాను. రాత్రి నిద్ర వచ్చేదాకా చుట్టాను. తెల్లారి లేచేసరికి అది ఆస్ట్రేలియా పడమటి దిక్కున, సముద్రంలో కొంత, నేల మీద కొంత పడిపోయిందన్నారు.

ధైర్యం అంటే మా తాతే అనుకున్నాను. ఇరవై ఏళ్ళు అందరికీ అదే కథ చెప్పాను. టీచర్‌నయ్యాక క్లాసులో కూడా చెప్పాను.

1999లో ఒకరోజు నా బిడ్డకు ఆ కథ చెప్తుంటే, పక్కన కూర్చొని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న బాపమ్మ నవ్వింది. "మీ తాతకు భయం లేదని ఎవలు చెప్పిన్రు నీకు?" అన్నది. ఆ వారమంతా చీకటి పడ్డాక తాత ఇంట్లో ఉండలేదట. కిరాణం కొట్టులో పదకొండు రూపాయల బాకీ ఉంటే కట్టి వచ్చాడట. సేటు దగ్గర తీసుకున్న అడ్వాన్సు లెక్క తేల్చుకున్నాడట. మంగలాయనకు ఇవ్వాల్సిన రూపాయిన్నర ఇచ్చి వచ్చాడట. గోడ పంచాయితీలో ఆరేళ్ళుగా మాటలు లేని మట్టెవాడ చుట్టం ఇంటికి అర్ధరాత్రి పోయి, లేపి, వాళ్ళ ఇత్తడి బిందె వాళ్ళకు ఇచ్చి వచ్చాడట. "అప్పుతోని సస్తే ఎద్దై పుట్టి తీర్చాలె" అన్నాడట బాపమ్మతో. స్కైలాబ్ పడే రాత్రి తాను పడుకోకుండా, వరసగా నిద్రపోతున్న పిల్లల పక్కన తెల్లారేదాకా కూర్చున్నాడట. నాకు కండెల పని ఎందుకు చెప్పాడో బాపమ్మ విడమరిచి చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు నాకు సరిగ్గా యాభై. హైదరాబాద్ నుంచి వచ్చి ఇంట్లోనే పని చేసుకుంటున్న నా బిడ్డ, ఫోన్‌లో వచ్చేవన్నీ చదివి వణికిపోయేది. రెండో రోజు పొద్దున నేను పాలాయన బాకీ, కిరాణం బాకీ, పేపర్ బిల్లు లెక్క చూసి కట్టేసి వచ్చాను. ఇంట్లోకి రాగానే రెండు కిలోల చింతపండు ముందు పోసి, గింజ తీయమన్నాను. "అమ్మా, ఇంత టెన్షన్‌లో ఇప్పుడు చింతపండేంది?" అన్నది. "వేసవి పోతే పురుగు పడుతది, తియ్యి" అన్నాను. ఆమె తీసింది. నేను వంటింట్లోకి పోయి, ఎవరికీ కనబడకుండా కూర్చున్నాను.

ఇక పదహారేళ్ళ సంగతి. దీన్ని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మా బాపు మగ్గం మీద కూర్చోలేదు. ఆజంజాహి మిల్లులో చేరాడు, స్పిన్నింగ్‌లో. 1934లో ఏడో నిజాం కాలంలో పెట్టిన మిల్లు అది, ఆయన కొడుకు ఆజంజా పేరు మీద. మా చిన్నతనంలో వరంగల్‌కు గడియారం ఆ మిల్లే. సైరన్ వినిపిస్తే బడికి ఆలస్యమైందని తెలిసేది. సైరన్ వినిపిస్తే అమ్మ బియ్యం కడిగేది. షిఫ్ట్ విడిచినప్పుడు రోడ్డు నిండా సైకిళ్ళు, ఒకదాని వెనక ఒకటి. ఆ వందల సైకిళ్ళలో బాపు బెల్లు నాకు తెలిసేది. పరుగెత్తి పోయి ముందు కడ్డీ మీద ఎక్కేదాన్ని. ఆయన జుట్టు నిండా, కనుబొమ్మల మీద, చెవుల దగ్గర దూది పింజలు. ఇంటికి వచ్చేదాకా వాటిని ఏరుతూ కూర్చునేదాన్ని. ఏరి ఊదితే గాలిలో పోయేవి.

1986లో ఇంటర్ చదువుతున్నాను, హనుమకొండలో. పరీక్ష ఫీజు కట్టే చివరి రోజు డబ్బులు ఇంట్లో మరిచిపోయాను. షిఫ్ట్ దిగి ఇంటికి వచ్చిన బాపుకు అమ్మ చెప్తే, స్నానం చేయకుండా, అన్నం తినకుండా, ఎంజీఎం ఆసుపత్రి ముందు నుంచి ములుగు రోడ్డు మీదుగా అయిదారు కిలోమీటర్లు సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. కాలేజీ చెట్టు కింద మేం నలుగురం నిలబడి ఉన్నాం. మిల్లులో పనిచేసేవాళ్ళు యంత్రాల చప్పుడుకు అలవాటు పడి ఎక్కడైనా గట్టిగానే మాట్లాడతారు. గేటు దగ్గర నుంచే, "బిడ్డా! పైసలు మర్చిపోయినవ్!" అని కేక వేశాడు. తల మీద, మీసం మీద దూది. అంగీ చెమటకు ఒంటికి అతుక్కొని ఉంది. దూరంగా ఎవరో నవ్వారు.

డబ్బులు తీసుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాడు. "ఎవరే ఆయన?" అని నా ఫ్రెండ్ అడిగింది.

"మా వాడకట్టాయన" అన్నాను.

బిడ్డా అని మా దిక్కు ఎవరైనా ఎవరినైనా పిలుస్తారు. కాబట్టి వాళ్ళు నమ్మారు. బాపు ఆగలేదు, తిరిగి చూడలేదు. సైకిల్ స్టాండ్ తీసి ఎక్కి పోయాడు. విన్నాడో లేదో నాకు తెలియదు. వినలేదులే అనుకున్నాను. సాయంత్రం ఇంట్లో ఎప్పటిలాగే ఉన్నాడు, "ఫీజు కట్టినవా?" అని అడిగాడు. నేను చాలా తేలికపడ్డాను. తర్వాత మరిచిపోయాను కూడా.

ఇరవై మూడేళ్ళకు పెళ్ళి, ఇరవై అయిదుకు బిడ్డ, 1996 డీఎస్సీలో టీచర్ ఉద్యోగం. ఆ ఏళ్ళన్నీ పరుగులోనే పోయాయి, అప్పుడు నేర్చుకున్నది ఏమైనా ఉంటే నాకు గుర్తు లేదు.

ఉద్యోగం మాత్రం నన్ను తొందరగానే ఒక చోట ఆపింది. పరకాల దిక్కున ఒక ఊళ్ళో పోస్టింగ్. 1998 సంక్రాంతి సెలవుల తర్వాత. ఆరో తరగతి పిల్లవాడు, పండుగకు ముందు నుంచీ బడికి రాలేదు. చదివే పిల్లవాడు కావడంతో నాకు కోపం. క్లాసులో నిలబెట్టి, "ఇన్ని రోజులు యాడికి పోయినవ్? హోంవర్క్ ఏది?" అని గద్దించాను. వాడు నోట్‌బుక్ అంచు మడుస్తూ, "మా నాయినకు దినాలు చేసినం టీచర్" అన్నాడు.

క్లాసులో మిగిలిన పిల్లలెవరూ ఉలిక్కిపడలేదు. వాళ్ళందరికీ ముందే తెలుసు. అట్లాంటి చావు వాళ్ళకు కొత్త కూడా కాదు. ఆ ఏడు మా జిల్లాలో పత్తికి లద్దె పురుగు పట్టింది. మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు, వేళ కాని వేళ వానలు పడ్డాయి. విత్తనాలు, మందులు అప్పు మీద తెచ్చుకున్నవే. ఆ ఒక్క పంటకాలంలో వందల మంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు, అందులో మా వరంగల్ జిల్లా వాళ్ళే ఎక్కువ. పేపర్లో రోజూ చదువుతూనే ఉన్నాను. చదువుతూనే ఆ పిల్లవాడిని హోంవర్క్ అడిగాను.

"కూర్చో" అనడానికి కూడా నాకు గొంతు రాలేదు. ఆ రోజు మధ్యాహ్నం బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, బాపమ్మ మాట ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చింది. గుంజకు, ఆపు. అప్పటి నుంచి ఇరవై ఏడేళ్ళుగా, బడికి రాని పిల్లవాడిని పది మందిలో ఎందుకు రాలేదని అడగలేదు. బోరింగ్ దగ్గరికో, వేపచెట్టు కిందికో తీసుకుపోయి, ముందు అన్నం తిన్నావా అని అడుగుతాను. కొందరు చెప్తారు, కొందరు చెప్పరు. చెప్పనివాళ్ళను మళ్ళీ అడగను.

2002లో మిల్లు మూతపడింది. బాపుకు అప్పుడు యాభై ఎనిమిది. సైరన్ ఆగిపోయిందంటే ఏమిటో వరంగల్‌లో ఆ రోజుల్లో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. అమ్మ వండిన అన్నం కొన్ని నెలల పాటు ఒకరోజు మెత్తగా, ఒకరోజు పలుకుగా అయ్యేది. ముప్పై ఏళ్ళ పైన సైరన్ విని ఎసరు పెట్టిన చేయి అది. నేను గోడ గడియారం తెచ్చి పెట్టాను. ఆమె గడియారం చూసేది కాదు, గల్లీలోకి చూసేది, సైకిళ్ళు వస్తున్నాయేమోనని. బాపు మాత్రం షిఫ్ట్ టైముకే లేచి, చాయ తాగి, అరుగు మీద కూర్చునేవాడు. ఇప్పుడు ఆ మిల్లు జాగాలో కొంత 'ఓ సిటీ' అనే కాలనీ అయింది. అటు నుంచి పోయినప్పుడల్లా గేటు ఎక్కడుండేదో గుర్తు పట్టాలని చూస్తాను.

2011లో బాపు చనిపోయాడు. పదో రోజు మిల్లు దోస్తులు వచ్చారు, అందరూ ముసలివాళ్ళు, అందరివీ పెద్ద గొంతులే. అందులో ఒకాయన నా పక్కకు వచ్చి కూర్చొని, బాపు మంచితనం చెప్తూ చెప్తూ, "మీ బాపుకు నల్లా పిచ్చి ఉండె బిడ్డా" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "షిఫ్ట్ దిగంగనే మేమంతా సైకిళ్ళ కాడికి ఉరుకుతుంటే, మీ బాపు నల్లా కాడికి పోయి తలకాయ కడుగుతుండె. ఎండాకాలం లేదు, చలికాలం లేదు. జ్వరమొచ్చినా గంతే. ఎందుకురా సస్తవ్ అంటే, బిడ్డ పెద్దగైంది అనేటోడు."

ఎప్పటి నుంచి అని నేను అడిగాను. "నువ్వు కాలేజీ చదివే కాడ్నుంచి" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. చలికాలం రాత్రులు తడి తలతో ఇంట్లోకి వచ్చే బాపు. "తల తడుపుకొని వస్తవేంది, సలి పెడ్తలేదా?" అని అమ్మ కొంగుతో తుడవడం. కాలేజీలో ఆ రోజు తర్వాత ఆయన జుట్టులో దూది నేను ఎన్నడూ చూడలేదు. ఎందుకు లేదని నాకు అనుమానం కూడా రాలేదు. పదహారేళ్ళు ఆయన తల కడుక్కున్నాడు, మిల్లు మూతపడేదాకా. అందులో చివరి తొమ్మిదేళ్ళు నేను ఆ ఇంట్లో కూడా లేను.

ఆ పెద్దాయన ఇంకా ఏదో చెప్తూనే ఉన్నాడు. నేను లేచి దొడ్లోకి పోయి, నల్లా తిప్పి, నీళ్ళ చప్పుడులో నిలబడ్డాను.

బాపు పోయినంక మేం కొత్తవాడ ఇంటికే వచ్చేశాం, అమ్మ ఒక్కతే ఉంటుందని. ముందరి గదిలో టైల్స్ వేయించాం. బాపు సైకిల్, ఇరవై రెండు ఇంచుల అట్లాస్, ఆ గదిలోనే ఒక మూల పెట్టాం. పద్నాలుగేళ్ళు అక్కడే ఉంది. దసరాకు కడిగి, బొట్టు పెట్టి, పూలదండ వేసేదాన్ని. మిగిలిన రోజుల్లో దాని వైపు చూడకుండా ఆ గది దాటడం అలవాటు చేసుకున్నాను. నా బిడ్డ చాలాసార్లు అన్నది, ఎవరికైనా ఇద్దామమ్మా అని. ప్రతిసారీ కోపం చేశాను.

ఈ ఏడు జూన్‌లో బడి తెరిచాక, మా స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు నాలుగు కిలోమీటర్లు నడిచి వస్తున్నాడని తెలిసింది. మరుసటి ఆదివారం మెకానిక్‌ను పిలిచి టైర్లు, ట్యూబులు, బ్రేకులు మార్పించాను. బెల్లు మాత్రం మార్చవద్దన్నాను. పిల్లవాడు, వాళ్ళ అమ్మ వచ్చి తీసుకుపోయారు. వాడు గల్లీ మలుపు దగ్గర బెల్లు కొట్టాడు. నేను లోపలికి వచ్చేశాను.

సైకిల్ ఉన్న చోట టైల్స్ మీద రెండు నల్లటి చారలు పడి ఉన్నాయి. బకెట్‌లో నీళ్ళు తెచ్చి, కింద కూర్చొని తోమడం మొదలుపెట్టాను. పనమ్మాయి వచ్చి నేను తుడుస్తానంటే వద్దన్నాను. నా బిడ్డ వచ్చి చీపురు పట్టుకుంటే దాని చేయి తోసేశాను. తోసేశాక నా చేయి నాకే కనిపించింది.

అమ్మ మంచం మీద కూర్చొని చూస్తోంది. ఆమెకు ఇప్పుడు డెబ్బై ఆరు.

"గాడనే కదా మగ్గం గుంట ఉండె" అన్నది.

అవునన్నాను.

"గుంట పూడ్చినంక మీ బాపమ్మ గాడనే పండుకునేది. అందరు నిద్రవోయినంక వచ్చి, చాప కూడా ఏసుకోక, వట్టి నేల మీద. తెల్లారక ముందే లేచి లోపటికి వోయేది. మీకెవ్వలకు చెప్పొద్దన్నది."

"ఎన్ని రోజులు?" అని అడిగాను.

అమ్మ కాసేపు ఆలోచించింది. "మీ చెల్లె పెండ్లికి చుట్టాలు దిగేదాంక" అన్నది.

చెల్లె పెళ్ళి 1994లో.